తోమేసిన వన్నె

మా అత్త పోయింది. పోయిన శుక్రవారం, ఒకప్పుడు మిల్లు సంగు, అదే సైరను, కూసే వేళకు కన్ను మూసిందని కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి, నుదుటిన వెండి రూపాయి అంటించి ఉంచారు. అలా అంటించడం మా వాళ్ళ ఆనవాయితీ. కానీ ఆ రూపాయి అద్దంలా మెరుస్తోంది. ఎవరు పెట్టారని అడిగాను. తానేనన్నాడు చిన్నాన్న, అంటే అత్తకు సొంత తమ్ముడు. నేను వంగి దాన్ని ఊడదీసి ఆయన చేతిలో పెట్టేశాను. నా సంచిలోంచి మామూలు రూపాయి బిళ్ళ ఒకటి తీసి అంటించాను. చావింట్లో ఆడకూతురు చేసే పనేనా అని చుట్టాలు ఇంకా అంటున్నారు. అననీ. ఆ రూపాయి సంగతి తెలియని వాళ్ళకు నేను చెప్పాలి.

కోయంబత్తూరులో మిల్లు వెనక వీధిలో అత్త ఇల్లు. మామ ఆ మిల్లులోనే మేస్త్రీ. ఆయన పోయాక అత్తకు మిగిలిన ఇష్టం పాత వెండి రూపాయలు. రాణి తలవి, రాజు తలవి. వాటి వెల మీద ఆమెకు ధ్యాస లేదు, వన్నె మీదే. నూలు చుట్టే ముతక కాగితంలో ఒక్కొక్కదాన్ని పొట్లం కట్టి, కొయ్య పెట్టెలో ఉంచి, ఏళ్ళ తరబడి వదిలేసేది. కాగితమూ గాలీ కలిసి వెండికి నెమ్మదిగా రంగు పట్టించేవి. అంచున నీలం, దాని లోపల గులాబీ, నడుమ తేనె రంగు. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని, రూపాయిని అంచులు మాత్రమే పట్టుకుని అటూ ఇటూ వంచితే పావురం మెడలా రంగులు కదిలేవి. "దీనికి మనం సేసే పని ఒకటే పాపా, సుమ్మా ఉండేది, ముట్టకుండా వదిలేసేది" అనేది నాతో.

అంగడివాళ్ళు గంధకం పొగ పట్టించి రంగు తెప్పించిన రూపాయలు చూపిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగిచ్చేసేది. మదురైలో మన తెలుగు వీధిలో ఒక ముసలామె పెట్టెలో మంచి అర్ధరూపాయి ఉందని విని, ఒక్కతే రైలెక్కి వెళ్ళి తెచ్చుకుంది. దారంతా దాన్ని రవికలో దాచుకుందట, చెమట తగులుతుందేమోనని గుడ్డలో చుట్టి.

తర్వాత కళ్ళకు పొర కమ్మింది. ఆసుపత్రి అంటే ఆమెకు వణుకు. అయినా రూపాయలన్నీ ఒకే బూడిద రంగుగా కనిపిస్తున్నాయని, వాటికోసమే కత్తికి ఒప్పుకుంది. నేను తోడుగా మదురై వెళ్ళాను. ఇంటి తాళం చిన్నాన్న దగ్గర ఉంచాం.

ఆ రోజుల్లోనే కినత్తుకడవులో, ఆయన కొబ్బరి తోపు ఇంట్లో, కూతురి నిశ్చితార్థం. తట్టలో పెట్టడానికి అక్క రూపాయలు గుర్తొచ్చాయి. నల్లబడ్డ కాసులు పెడితే సంబంధం వాళ్ళు ఏమనుకుంటారని, అన్నిటినీ కంసాలి దగ్గరికి పంపి తోమించాడు. అక్కను అడగలేదు. అడగాలని తోచనే లేదు.

కట్టు విప్పించుకుని, సోడాబుడ్డి కళ్ళద్దాలతో అత్త ఇల్లు చేరింది. కాళ్ళు కడుక్కోగానే పెట్టె తెరిచింది. ఒక రూపాయి తీసి కిటికీ దగ్గర వంచి చూసింది. ఇంకొకటి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"పాపా, నా కన్ను సరిగా కుదరలేదు మాదిరి ఉండాది. అంతా తెల్లగా కనపడతాది" అంది.

నేనూ ఒకటి తీసి వంచి చూశాను, తెల్లబడింది రూపాయలే. సాయంత్రం చిన్నాన్న నవ్వుతూ వచ్చి, అన్నీ కొత్తవాటిలా చేయించి పెట్టానన్నాడు. అత్త కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"కన్ను తెరిపించుకోని వస్తే, సూసేదానికి ఏమీ లేకుండా సేస్తివి కదరా."

"వెండే కదక్కా, ఏడికి పోయింది? అదే బరువు, అదే రాజు తల" అన్నాడాయన.

ఈ రోజుకీ క్షమాపణ చెప్పలేదు. పైగా బోడినాయకనూరు పెళ్ళిలో భోజనాల దగ్గర, అక్క మసి కోసం ఏడ్చిందని కథలా చెప్పి అందరినీ నవ్వించాడు. పెద్దవాళ్ళంతా అత్తనే సర్దుకోమన్నారు. ఆమె సర్దుకోలేదు. మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. చావింట్లో ఆమెను ఓర్పు గలదన్నారు. నాకు ఒళ్ళు మండింది. అత్తకు ఓర్పు ఉండింది వెండి దగ్గర. మనుషుల దగ్గర ఆమెకు ఉన్నది కోపం, అది న్యాయమైన కోపం.

తర్వాత మిల్లు మూసేశారు. గేటుకు తాళం పడి నెలలు గడిచాయి. వీధిలో నూలు చుట్టే ఆడవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. అత్త వాళ్ళను పిలిచి ఆ రూపాయలు చేతుల్లో పెట్టింది. పక్కింటి మేరీ తీసుకోవడానికి జంకి, ఇవి నీ ఉయిరు, నీ ప్రాణం కదమ్మా అంది.

"ఉయిరును ఎప్పుడో తోమేసినారు. ఇప్పుడిది వెండి. పోయి ఎసరు పెట్టు."

పెట్టె ఖాళీ అయింది. నిశ్చితార్థపు తట్టలోంచి శుభమని చిన్నాన్న ఒకటి తన దగ్గరే ఉంచుకున్నాడు. మొన్న ఆమె నుదుటికి చేరింది అదే. ఆ రూపాయలు నలుగురి కడుపు నింపాయి కాబట్టి తోమించడం మంచికే అయిందని చావింట్లో ఒకరు నాతో అన్నారు. కాలేదు. ఆ అన్నం అత్త పెట్టింది. తోమినవాడికి అందులో పుణ్యం లేదు.

అత్త పోకముందు, ఈ వానాకాలంలోనే ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. వాన వెలిసింది. లారీ ఏదో నిలిచి వెళ్ళినట్టుంది, వాకిటి ముందు గుంటలో నూనె చుక్క పడి, అంచున నీలం, లోపల గులాబీ రంగులు తేలుతున్నాయి. అత్త తలుపు పట్టుకుని మెల్లగా దిగి అక్కడ నిలబడింది. సైకిలు మీద ఒకతను నేరుగా గుంటలోకి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అతను దిగి, ఎందుకో తెలియకపోయినా, ఆమె పక్కనే నిలబడ్డాడు. తుంపర మళ్ళీ మొదలయ్యేదాకా ఇద్దరూ ఆ నీళ్ళలోకే చూస్తున్నారు.