పక్కింట్లో ఉండిపోయిన పయనం

సముద్రం చూపించమని మా ఆయన్ను పెళ్లైనప్పటి నుంచీ అడుగుతున్నాను. హన్మకొండ చౌరస్తాలో మాది బట్టల దుకాణం. పెళ్లిళ్లు అయ్యాక అంటే పండుగలొస్తాయి, పండుగలు అయ్యాక అంటే మళ్లీ పెళ్లిళ్లు. పోయిన ఏడాది ఎట్టకేలకు మా ఆయన విశాఖకు టికెట్లు తీశారు. మంగళవారం పొద్దున బండి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మంగళవారం ఇల్లు కదలకూడదని అత్తమ్మ పట్టుబట్టింది. దానికి ఉపాయం కూడా ఆమె దగ్గరే ఉంది. సోమవారమే బ్యాగు పక్కింట్లో పెట్టేస్తే మనిషి సోమవారమే బయల్దేరినట్టు లెక్క. మా ఇంట్లో దాన్ని పయనం పెట్టడం అంటారు. అలా గడప దాటిన బ్యాగు, మనం వెళ్లొచ్చేదాకా మళ్లీ ఇంట్లోకి రాకూడదు. నా బట్టలన్నీ సర్దిన బ్యాగును పక్కింటి అక్క ముందు గదిలో పెట్టి వచ్చాను.

ఇక ఇంటి మీద పడ్డాను. మిగిలిన కూరగాయలు పంచేసి, ఫ్రిజ్ కడిగి తలుపు తెరిచి ఉంచాను. పాలు రెండు పూటలూ వద్దన్నాను. మంచాల మీద పాత చీరలు కప్పాను, కిటికీలన్నిటికీ గొళ్లాలు పెట్టాను. అత్తమ్మ ఖిలా వరంగల్‌లో ఉన్న కూతురింటికి సంచి సర్దుకుంది. ఆ ఇంట్లో అంత హుషారుగా నేనెప్పుడూ పనిచేయలేదు.

తెల్లారి బ్యాగు కోసం వెళితే పక్కింటికి తాళం. ఊళ్లో వాళ్ల పెద్దనాన్న పోయాడని కబురొచ్చి, ఉన్నపళంగా వెళ్లిపోయారట. మేడారం అవతల అడవిలో ఊరు, ఫోన్ కలవదు. బట్టల దుకాణం వాళ్లకు బట్టలు కరువా, దారిలో రెండు చీరలు తీసుకుంటానన్నాను. అత్తమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"నీ పయనం ఆ తాళం ఎనుక ఉన్నది బిడ్డా. గిప్పుడు పోతే మంగళారం పోయినట్టే. నా కొడుకును గూడ ఆగం జేస్తవా?"

మా ఆయన ఇంకోసారి చూద్దామన్నారు. ముఖంలో బాధ కంటే నిశ్చింతే ఎక్కువ కనిపించింది. కాసేపటికే దుకాణం తెరవడానికి వెళ్లిపోయారు.

టీ పెట్టుకుందామంటే పాలు లేవు. గాలికి కిటికీ తీద్దామంటే నేను పెట్టిన గొళ్లెం నా చేతికే రాలేదు. నేను లేకుండా ఉండటానికి సిద్ధం చేసిన ఇంట్లో నేనే చిక్కుకున్నాను. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. కప్పిన చీరలు తీయకుండా వాటి మీదే పడుకున్నాను.

దినాలయ్యాక అక్క వచ్చింది. కంగారులో మరిచిపోయానని నొచ్చుకుంటూ బ్యాగు తెచ్చి గుమ్మం ముందు నిలబడింది. లోపలికి తెమ్మంది అత్తమ్మ. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దక్కా, మీ ఇంట్లనే ఉండనియ్యి. అది లోపటికొస్తే నేను పోయొచ్చినట్టయితది."

అత్తమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. లెక్క ఆమెదే కదా. బ్యాగు ఇప్పటికీ అక్కడే ఉంది. అక్క ఊడ్చినప్పుడల్లా దాన్ని జరిపి మళ్లీ అక్కడే పెడుతుంది. ఎప్పుడు బయల్దేరుదామని మా ఆయన అడిగితే, నేను ఆ సోమవారమే బయల్దేరాను, రావాల్సింది మీరే అంటున్నాను.