మూతల్లేని బోర్లు

తమిళనాడులోని పొదటూరుపేటలో మునెమ్మకు నలభై ఏళ్లుగా మగ్గమే పని. నేస్తూ పక్కన ఫోన్‌లో వార్తలు పెట్టుకుంటుంది. రెండేళ్ల కిందట ఒక వారమంతా ఆ ఫోన్ ఒకే సంగతి చెప్పింది. ఉత్తరాదిలో ఎక్కడో, మూత లేని బోరుగుంతలో మూడేళ్ల పాప పడింది. నాలుగోనాడు పైకి తీశారు. ప్రాణం లేదు.

మునెమ్మకు అన్నం సయించలేదు. ఆ పొలం వాణ్ణీ, అధికారుల్నీ, చివరికి వార్తలు చదివే అమ్మాయినీ తిట్టిపోసింది. కోపంలో చెయ్యి అదుపు తప్పి చీర ఒకచోట బిగుసుకుపోయింది, ఇంకోచోట పలచబడింది. నూలిచ్చే యజమాని దాన్ని వెనక్కి పంపినాడు.

ఆమె కోడలు సుగంధి బడిలో టీచరు. ఇంట్లో ఈ తిట్లన్నీ వింటూనే ఉంది. ఒక పొద్దున టిఫిన్ బాక్సు సర్దుకుంటూ అడిగింది.

"అత్తా, మన పక్క చేలల్లో అట్లాంటి గుంతలు యాడన్నా ఉండాయా? ఎవరన్నా చూసినారా?"

నేస్తున్నంతసేపూ ఆ మాట మునెమ్మ లోపల తిరిగింది. మధ్యాహ్నం మగ్గం ఆపి తూర్పు పక్క పొలాల్లోకి నడిచింది. పొద్దు వాలేలోపల రెండు బోర్లు కనిపించినాయి. ఒకదాని మీద ఎండిన కొబ్బరిమట్ట ఉంది. ఇంకోటి నోరు తెరుచుకునే ఉంది.

ఆదివారం సుగంధి కూడా వెంట వచ్చింది. మూడో బోరు దగ్గర ఇద్దరూ ఆగిపోయినారు. అది మునెమ్మ పుట్టింటి చేను. నీళ్లు పడలేదని ఆమె అన్న పొన్నుస్వామి ఏడేళ్ల కిందట వదిలేసిన బోరు. పైన ఒక గోనెసంచి, దాని మీద ఒక రాయి.

అన్నను ఏమేమి అడగాలో దారి పొడుగునా అనుకుంటూ పోయింది. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి పొన్నుస్వామి టీవీ ముందర కూర్చోనున్నాడు. ఆ పాప గురించే ఏదో చర్చ.

"ఇట్లాంటోళ్లను జైల్లో పెట్టాల," అంటున్నాడు.

ఆ గొంతులో మునెమ్మకు తన గొంతే వినిపించింది. కోపం రాలేదు. పక్కన కూర్చున్నది.

"అన్నా, మన తూర్పు చేలో బోరుంది గదా."

"గోనెసంచి కప్పినాను గదమ్మా."

"నా చెయ్యి తగిలితేనే చినిగిపొయింది అన్నా."

పొన్నుస్వామి టీవీ కట్టేసినాడు. మరుసటి రోజు పొద్దున్నే వెల్డింగ్ షాపు సుభాష్‌ను తానే చేనికి పిలుచుకొని పోయి ఇనుప మూత బిగించినాడు.

తక్కిన గుంతల కోసం సుగంధి తమిళంలో అర్జీ రాసింది. కింద మునెమ్మ తెలుగులో సంతకం చేసింది. పంచాయతీ ఆఫీసులో శోభన అనే క్లర్కు దాన్ని పక్కన పడెయ్యలేదు, తానే వచ్చి చూసింది. "మా చేలో నీకేం పని?" అని ఒకరిద్దరు రైతులు కసిరినారు. మునెమ్మ ఎదురు మాట్లాడకుండా, మళ్లీ ఇంకోరోజు పోయి అడిగింది. ఇప్పటికి పదకొండు బోర్లకు మూతలు పడినాయి.

వార్తలు ఆమె మానలేదు. కోపమూ పోలేదు. వచ్చినప్పుడు మగ్గం ఆపి, గ్లాసుడు నీళ్లు తాగి, ఇది మన ఊళ్లోనూ ఉందా అని ఆలోచిస్తుంది. ఈ వానాకాలం ఆమె చూపు కిందికి వేలాడే కరెంటు తీగల మీద పడింది. పొన్నుస్వామి కూడా వెంట తిరుగుతున్నాడు.

ఎవరన్నా మెచ్చుకుంటే ఆమె ఒప్పుకోదు.

"నేను తిట్టుకుంటా కూర్చోనుంటిని. నా కోడలు అడిగింది, మాయన్న విన్నాడు. ఆ శోభనమ్మ ఎండలో నడిచొచ్చింది. ఇంతమంది మంచోళ్లు నా పక్కనే ఉండారని నాకు అప్పుడే తెలిసింది."