పైన ఎవరున్నారు?

పొద్దున ముసురు తగ్గాక పత్తిలో కలుపు తీస్తున్నాం. పక్కనున్న లక్ష్మక్క పోడు చేను అడవి హద్దులోదంటూ ఫారెస్టు వాళ్లు జేసీబీతో దానికి అడ్డంగా కందకం తవ్వడం మొదలుపెట్టారు. అక్క వెళ్లి బీటు ఆఫీసరు ముందు నిలబడింది.

"సారూ, పోడోళ్ల జోలికి పోవద్దని ఢిల్లీల పెద్దాయనే అన్నడంట గదా. మా గూడెం పెద్ద పటేలు ఒక్క మాటంటే నాగలి ఆడ్నే ఆగుతది."

"ఆయన అంటే సరిపోదమ్మా. ఆపమని మాకు పైనుంచి ఆర్డర్ రావాలె."

"ఆయనకంటే పైన ఎవలున్నరు సారూ?"

ఆఫీసరు ఫోన్ చూసుకుంటూ పక్కకు జరిగాడు.

నాకూ జవాబు తెలియదు. ఓటు మాత్రం ప్రతిసారీ వేస్తున్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి, అక్కకు చెప్తాను.

మధ్యాహ్నం ఆఫీసరు జీపు వెళ్లింది. కందకం పూర్తిచేసి, పొద్దుగూకే ముందు జేసీబీ వెళ్లింది.