నీలం కార్డుకు నా అర్హత

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా సందు చివరి ఒమానీ ఇంట్లో పనిచేసే కడప అక్క. రెండువేల ఎనిమిది ప్రాంతంలో మేము ఒమాన్ దేశంలోని అల్ హైల్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ఒక కంపెనీలో స్టోర్ కీపరు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకి బట్టలు కుట్టేదాన్ని. అక్క వాళ్ల ముసలి యజమానురాలి గౌన్లు పొడవు తగ్గించడానికి తెచ్చేది. ఆ యజమానురాల్ని ఇంట్లో అందరూ, అమ్మా అన్నట్టు, మామా అనే పిలిచేవారు. ఆ రోజు అక్క గౌను భుజాన వేసుకుని, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

“ఏం మే, మా మామా కారుకి నీలం కార్డు ఇచ్చినారు. చక్రాల కుర్చీ బొమ్మ ఉంటాది సూడు, అది. ఇంగ యాడికి పోయినా కారు వాకిలి కాడనే పెట్టుకోవచ్చంట. నువ్వు గూడా అడుగు.”

“నాకెందుకక్కా? అది నడవలేని వాళ్లకి కదా,” అన్నాను.

అక్క నా ఎడమ కాలి వంక చూసింది. తర్వాత నా మొహం వంక చూసింది. మళ్లీ కాలి వంక చూసింది.

“ఔ మే, నువ్వు పరుగు పందేలకు పోతావని మర్సిపోయినా,” అంది.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నబడి, పొట్టిగా ఉండిపోయింది. బడి మా ఇంటికి దూరం, రోజూ ఎత్తుకెళ్లేవాళ్లు లేరు. అందుకని అమ్మే బైబిలు ముందేసుకుని నాకు అక్షరాలు నేర్పింది. అక్షరాలతో పాటు ఇంకో పాఠం కూడా చెప్పింది. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా “దేవుని కృప వల్ల బాగున్నాను” అనాలి, సణగకూడదు. అక్షరాల్లో నాకిప్పటికీ తప్పులు దొర్లుతాయి గానీ ఈ పాఠంలో మాత్రం ఏనాడూ తప్పలేదు. నలభై దాటాక మంచి కాలు కూడా చెడ్డ కాలుతో స్నేహం చేసి మొరాయించడం మొదలుపెట్టినా, నేను కృప వల్ల బాగానే ఉన్నాను.

అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మేము ఆ రోజే ఆరాధనకి రువిలోని చర్చికి వెళ్లేవాళ్లం. అక్కడ పార్కింగ్ దొరకడమంటే గగనమే. గేటు దగ్గర నన్ను దింపుదామంటే కారు ఆపనివ్వరు, ఆగితే వెనక హారన్లు. ఎక్కడో నాలుగు సందుల అవతల కారు పెట్టి, ఎండలో నడుచుకుంటూ రావాలి. గేటు పక్కనే చక్రాల కుర్చీ బొమ్మ వేసిన చోటు ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేది. “పాపం, ఎవరో నడవలేని వాళ్ల కోసం” అని జాలిపడుతూ నేను దాని పక్కనుంచే కుంటుకుంటూ లోపలికి వెళ్లేదాన్ని. ఇంత తెలివి దేవుడు అందరికీ ఇవ్వడు.

చివరికి ఆ నడక కుదరక ఆరాధన మానేశాను. కాలు అని చెప్పడానికి నోరు రాక, జ్వరం అని కబురు పంపాను. మరుసటి వారమూ జ్వరమే. అలా నాలుగు నెలలు నాకు శుక్రవారం శుక్రవారం జ్వరం వచ్చింది. నా జ్వరం తగ్గాలని అక్కడి అక్కచెల్లెళ్లు ఉపవాస ప్రార్థన కూడా పెట్టారని తెలిసింది. ఆ పూట నాకు నిజంగానే ఒళ్లు కాలింది.

అందుకే అక్క మాట నాలో పనిచేసింది. ఆ కార్డు వస్తే మళ్లీ ఆరాధనకి వెళ్లొచ్చు, అంతకంటే నాకేం అక్కర్లేదు. మా ఆయన టైపింగ్ షాపుకి తీసుకెళ్లి అరబీలో దరఖాస్తు కొట్టించారు. పాస్‌పోర్టు నకలు, కారు కాగితం ముల్కియా, రెండు ఫోటోలు జత చేశారు. ఇక కావలసింది ఆసుపత్రి నుంచి డాక్టరు రాసిచ్చే కాగితం ఒక్కటే. దాన్ని చూసే ట్రాఫిక్ ఆఫీసు వాళ్లు కార్డు ఇస్తారు.

గల్ఫులో మాలాంటి వాళ్లకి మెడికల్ అంటే ఒకటే అర్థం, ఫిట్ అనిపించుకోవడం. వీసా కోసం తెల్లకోటు ముందు నిలబడిన ప్రతిసారీ ఎడమ కాలికి ఎత్తు మడమ చెప్పు వేసుకుని, కుచ్చిళ్లు కిందికి దించి, ఊపిరి బిగబట్టి తిన్నగా నడిచేదాన్ని. అన్‌ఫిట్ అని రాస్తే తిరుగు విమానం ఎక్కిస్తారని భయం. ఈసారి వెళ్లేది దేనికో తెలిసి కూడా, పొద్దున్నే లేచి అదే చెప్పు వేసుకున్నాను, మంచి చీర కట్టుకున్నాను. చేతికర్ర కార్లోనే వదిలేశాను. చీర మీదకి అది బాగోలేదు మరి.

డాక్టరమ్మ ఒమానీ ఆవిడ. హిందీ వచ్చు, నాకు వచ్చినంత.

“ఎలా ఉన్నారు?”

“అల్హందులిల్లా,” అన్నాను. దేవునికి స్తోత్రం అనే మాటని అక్కడ అందరూ అలాగే అంటారు. నాకు అది అమ్మ పాఠానికి అరబీ అచ్చులా అనిపించేది.

“నొప్పి ఉందా?”

“ఏదో కొంచెం. దేవుడు ఓర్చుకునే బలం ఇచ్చాడు.”

“మెట్లు ఎక్కుతారా?”

“మాది రెండో అంతస్తు. రోజూ ఎక్కుతాను. లిఫ్టు లేదు,” అన్నాను కొంచెం గర్వంగా.

“ఏదీ, నడవండి.”

నడిచాను. నా జన్మలో అంత చక్కగా ఎన్నడూ నడవలేదు. వెనక్కి తిరిగి చిరునవ్వు కూడా నవ్వాను. డాక్టరమ్మ కూడా నవ్వి, ఏదో రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. పనైపోయిందని నేను లోలోపల స్తోత్రాలు చెప్పుకుంటూ బయటికొచ్చాను.

మా ఆయన కారిడార్‌లోనే ఆ కాగితం చదివారు. రెండుసార్లు చదివారు.

“సాయం లేకుండా నడవగలదు, మెట్లు ఎక్కగలదు, పర్మిట్ అవసరం లేదు అని రాసింది. ఏం చెప్పావే లోపల?”

“ఏం చెబుతానండీ, బాగున్నాననే చెప్పాను.”

“బాగుంది. కార్డు తెస్తావనుకుంటే మెడల్ తెచ్చావు,” అన్నారు. కారు దాకా నేను నడవడానికి పట్టినంత సేపూ ఆయన నవ్వుతూనే ఉన్నారు. అంటే చాలా సేపే నవ్వారు.

అక్క మాత్రం నవ్వలేదు. మా ఇంటికొచ్చి, నా టేపు తన మెడలో వేసుకుని డాక్టరు మాదిరి కుర్చీలో కూచుంది.

“ఇంగోసారి పోదువు. ముందు నాకు జెప్పు. ఎట్లుండావు?”

“దేవుని కృప వల్ల...”

“ఆపు మే! దేవుని సంగతి ఆ డాక్టరమ్మకు తెలుసు. నీ కాలు సంగతి జెప్పు.”

“ఎక్కువ చేసి చెబితే అబద్ధం అవుతుందక్కా. కార్డు కోసం అబద్ధం ఆడలేను.”

అక్క టేపు తీసి బల్ల మీద పెట్టింది. “నిన్ను అబద్ధం ఎవురు జెప్పమన్నారు? ఉండేది జెప్పు. నాలుగు నెల్లు జరమని జెప్తివే, అదేమన్నా నిజమా?”

నేను సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాను.

“నాకు శుక్రారం లీవు లేదు మే. వంటింటి మూల చాప పర్సుకోని నమాజు జేసుకుంటా. నీకు లీవుండాది, కారుండాది, మొగుడు తీసకపోతానంటాడు. కాలు నొస్తాందని ఒక్క మాట జెప్పలేక ఇంట్లో కూచుంటే ఎట్ల?” అంది. గౌను తీసుకుని వెళ్లిపోయింది. దానికి అంచు కుట్టడం ఇంకా సగమే అయింది. మర్నాడు మళ్లీ తానే తెచ్చింది.

రెండోసారి అపాయింట్‌మెంటు దొరికిన రోజే మామాకి కూడా అదే ఆసుపత్రిలో చూపించుకునే పని పడింది. నేను మామూలు చెప్పులు వేసుకుని, చేతికర్ర పట్టుకుని వెళ్లేసరికి అక్క కారిడార్ చివర మామా చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. కృప గురించి నోరెత్తొద్దని అర్థం.

లోపల అదే డాక్టరమ్మ.

“ఎలా ఉన్నారు?”

“అల్హందులిల్లా,” అంది నా నోరు. నేను ఆపేలోపే అనేసింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “అది నాకు తెలుసమ్మా. ఇక్కడ స్ట్రెచర్ మీద వచ్చేవాళ్లు కూడా ఆ మాటే అంటారు. అల్హందులిల్లా తర్వాత ఏమిటి?”

నన్ను ఎవరూ అలా అడగలేదు. తర్వాత ఏమిటో నాకూ తెలీదు. వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాను. రెండో అంతస్తు ఎక్కుతాను, కానీ ప్రతి మలుపులోనూ మెట్టు మీద కూర్చుంటాను. ఎవరైనా దిగుతుంటే చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తాను. మొన్న స్నానాల గదిలో పడ్డాను, మా ఆయనకి చెప్పలేదు. నాలుగు నెలలుగా ప్రార్థనకి వెళ్లలేదు, జ్వరమని చెప్పాను. అక్కడికొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

తర్వాత కారిడార్ ఆ చివరి దాకా నడవమంది. సగం దూరం వెళ్లేసరికి తుంటి దగ్గర పట్టేసింది. అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాను. ఎదురుగా అక్క ఉరిమి చూసింది. అంతే, గోడ పట్టుకుని పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను. ఆ చివర్నుంచి మామా అరబీలో ఏదో గట్టిగా అంది. అక్క తెలుగులో చెప్పింది: “మా కుర్చీ కావాల్నా అని అడుగుతాంది మే, కావాలంటే దిగుతాదంట!”

ముఖపరిచయం కూడా లేని మనిషి, తానే నడవలేని మనిషి, నా కోసం కుర్చీ దిగుతానంది. ఆ మాటకి నేను నేటికీ దేవునికి కృతజ్ఞతలు చెబుతాను.

కాగితం వచ్చింది, కొన్నాళ్లకి ట్రాఫిక్ ఆఫీసు నుంచి కార్డూ వచ్చింది. మొదటి శుక్రవారం గేటు పక్కన ఆ ఖాళీ చోట కారు పెట్టాం. అందరూ చూస్తున్నారు. నిజంగా అర్హత ఉందో లేదో అనుకుంటారేమోనని నేను తలుపు పట్టుకుని, మూలిగి, ఉన్న కుంటుకి రెండింతలు కుంటుతూ దిగాను. నలభై ఏళ్లు దాచుకున్న కాలుని ఒక్క పార్కింగ్ కోసం ఊరేగించాను.

మా ఆయన తలుపు మూస్తూ మెల్లగా అన్నారు, “చాలే. ఉన్నది చాలు.”

దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నిలబడి, నాకు జ్వరం రాలేదని, కాలు అని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ముందు వరసలోని పెద్దావిడ తిరిగి చూసింది.

“మరి మా ఉపవాసమో?”

“కాలికి పనిచేసిందండీ,” అన్నాను. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా.

ఆ సాయంత్రం జరిగిందంతా అక్కకి చెప్పాలని వాళ్ల గేటు దాకా వెళ్లాను. అక్క చేతులు పిండితో ఉన్నాయి. నిలబడే విన్నది. “నా పేరు జెప్పినావా ఆడ?” అంది. లేదన్నాను. “మంచి పని జేసినావు,” అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఏడాది మామాని ఆమె కూతురు దూరాన ఉన్న బురైమికి తీసుకెళ్లింది. అక్కా వాళ్లతోనే వెళ్లింది. రెండుసార్లు ఫోను చేసింది, ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. కడప వెళ్లిందో, ఇంకా అక్కడే ఉందో, శుక్రవారం లీవు దొరికిందో లేదో నాకు తెలీదు. అప్పుడు చెప్పకపోవడమే మంచిదంది కాబట్టి పేరు ఇప్పుడూ రాయను.

ఇది చదివినవాళ్లు ఏ దేవుణ్ణి ఎలా కొలిచినా సరే, ఈ శుక్రవారం ఒక్కసారి ఆమెని తలుచుకోండి. పేరు లేకపోయినా పర్లేదు. వంటింటి మూల చాప పరుచుకునే కడప అక్క అంటే ఆయనకి తెలుస్తుంది.