రెండోసారి చదివే మాస్టారు

మా మాస్టారు పోయారని బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉండగా ఫోనొచ్చింది. ఏడుపు కన్నా ముందు నాకు విసుగొచ్చింది. మా ఇద్దరి మధ్యా తెగని వాదన ఒకటుంది. దాన్ని సగంలో వదిలేసి వెళ్లిపోయే మనిషి కాదాయన.

కాలేజీలో నాకు ఎలక్ట్రానిక్స్ చెప్పారు. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు అదే కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చునేవారు. వన్ టౌన్‌లో పప్పు కొన్నా తూకం రెండుసార్లు వేయించేవారు. మనం జవాబు చెప్పినా కాసేపాగి అదే ప్రశ్న మళ్లీ అడిగేవారు. పత్రికల్లో కోపంగా రాసే నాలాంటివాడికి ఆయనతో వేగడం నరకం.

కరెంటు బిల్లు పెరిగిందని యాజమాన్యం ఒక ఏడాది ఐదింటికే ల్యాబ్ మూసేసింది. హాస్టల్ అమ్మాయిలకు సొంత కంప్యూటర్లు ఎక్కడివి? వాళ్ల ప్రాజెక్టులన్నీ ఆ సాయంత్రాల్లోనే. వ్యాసం రాసి ఏకేస్తానన్నాను.

"ఆగరా. ముందు కంప్యూటర్నే అడుగుదాం" అన్నారు.

ప్రాసెసర్ ఎంత కరెంటు తాగుతోందో చూపే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది, దాని కోడ్ ఎవరైనా మార్చుకోవచ్చు. అది కొన్ని అంకెలే చూపేది. అసలు లెక్క పడేది ప్రాసెసర్ లోపలి చిన్న గళ్లలో, రిజిస్టర్లంటారు. ఏ గడి కావాలంటే ఆ గడిని చదివే ఆప్షన్ మాస్టారు దానికి తగిలించారు. చదివితే కొండంత అంకె వచ్చింది. తీసుకెళ్లి యాజమాన్యం మీటింగులో చెప్పేశారు. ల్యాబ్ మూయడమే సబబని తేలినట్టు ప్రిన్సిపాల్ మొహం వెలిగిపోయింది.

తర్వాత తెలిసింది. ఆ గడి ఇంటి మీటరు లాంటిది, పెరుగుతూనే ఉంటుంది. రెండుసార్లు చదివి తేడా తీయాలి. పప్పు తూకం రెండుసార్లు చూసే మనిషి ఇక్కడ ఒక్కసారే చూశారు. తేడా చూపే ఇంకో ఆప్షన్ పెట్టి, మళ్లీ మీటింగుకి బయల్దేరారు.

"తప్పు చదివానని మీరే చెప్పుకుంటే నవ్వుతారండీ. కొత్త అంకె చెప్పి ఊరుకోండి."

"నవ్వనీరా. నవ్వాక వింటారు గదా."

నవ్వారు. విన్నారు కూడా. ఖాళీగా ఉన్నా ప్రాసెసర్లు నిద్రపోకుండా ఎవరో సెట్టింగ్ మార్చేశారని తేడాల్లో తేలింది. అది సరిచేశాక ల్యాబ్ మళ్లీ ఎనిమిది దాకా తెరిచారు. అయినా సరే, బలవంతుడి ముందు మన తప్పు మనమే ఒప్పుకోవడం ఏం ధర్మమని నేను ఇప్పటికీ అడుగుతాను. ఆ వాదనే తెగలేదు.

సమాధుల తోటలో పాస్టరు గారి ప్రార్థన అయ్యీ అవకముందే ప్రిన్సిపాల్ నా పక్కకొచ్చారు. "సాయంత్రాలు ఇక ల్యాబ్ ఎవరు చూస్తారండీ? ఐదింటికి మూసేద్దామనుకుంటున్నాం."

"మట్టన్నా ఆరనివ్వండి. నేను కూర్చుంటాను, తాళం నాకివ్వండి" అన్నాను.

ఆ సాయంత్రమే వెళ్లాను. హాస్టల్ అమ్మాయి ఒకామె మాస్టారి ఆప్షన్లు కొట్టింది. తెర మీద ఒక వరస అంకెలు పడ్డాయి. చాలా చిన్న అంకెలు. ల్యాబ్ తాగే కరెంటు ఇంతేనని ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి కడిగేద్దామని జేబులో చెయ్యి పెట్టాను.

"ఆగండి సార్" అందా అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండానే. "ఇంకో వరస పడనివ్వండి."

ఆయన కుర్చీయే ఖాళీగా ఉంది. లాక్కుని కూర్చున్నాను. కిటికీ బయట చీకటి పడుతోంది. మొదటి వరస కింద కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది.