ఇంటూ గుర్తు ప్లాట్లు

శంషాబాద్‌లో ప్లాట్లమ్మే మల్లేశ్వర్ దగ్గర ఈమెయిల్ ప్రకటనలకు కోడ్ రాసేవాడు ఉపేందర్. 2011లో ఒకసారి అతను జనానికి పంపిన మెయిల్లో ప్లాట్ల ఫోటోలు తెరుచుకోలేదు. ప్రతి ప్లాటు గడిలోనూ ఎర్రగా ఇంటూ గుర్తు పడింది. లేఅవుట్ కాగితం మీద ఇంటూ ఉంటే ఆ ప్లాటు అమ్ముడైనట్టే. అన్నీ అయిపోయాయనుకున్న జనం, ఒక్కటైనా ఇప్పించమని ఫోన్ల మీద ఫోన్లు చేశారు.

తన కోడ్ తప్పిందని ఉపేందర్‌కు తల కొట్టేసినట్టయింది. ఫోటోలను మెయిల్లోనే అతికించి మళ్లీ పంపాడు. ఈసారి రాళ్లూ తుమ్మచెట్లూ స్పష్టంగా కనబడ్డాయి. ఫోన్లు ఆగిపోయాయి.

"నిన్నెవడు బాగుచెయ్యమన్నడు?" అన్నాడు మల్లేశ్వర్.

"ఫోటోలు కనబడకుంటె ఎట్లన్నా?"

"కనబడితెనే పరేషాన్. ఇగ ఎవ్వని కంప్యూటర్ల గూడ తెరుచుకోవద్దు."

అప్పటినుంచి ఎక్కడైనా ఫోటో కనబడిందని ఫిర్యాదొస్తే, ఉపేందర్ అన్నం మానేసైనా దాన్ని చెడగొట్టి గానీ లేచేవాడు కాదు.