ఎకువా టీచరు ఆపేసిన సినిమా

సముద్రపు ఒడ్డున రేవు ఊరు అనోమాబో. అక్కడి బడిలో చరిత్ర చెప్పే ఎకువా ఎసుమన్‌కి నవ్వు అరుదు, కోపం ధారాళం. చదవని పిల్లవాణ్ణి కొట్టదు, తిట్టదు. కళ్ళజోడు ముక్కు మీదికి దించి అలా చూస్తుంది. దానికన్నా రెండు దెబ్బలు నయమని పిల్లలే అంటారు. అలాంటి మనిషి ఏడాదికి ఒక్కరోజు మాత్రం పెళ్ళివారింటి ఆడపడుచులా కళకళలాడుతూ బడికి వచ్చేది. అది సినిమా చూపించే రోజు.

అది బానిసల మీద తీసిన సినిమా. ముప్పై ఏళ్ళ కిందట తెల్లవాళ్ళు కెమెరాలతో దిగి, ఈ ఊరి కోటలోనే తీశారు. రేవులో కుర్రాళ్ళను పిలిచి బానిసలుగా నిలబెట్టారు. మెడకు ఇనుప పట్టీ, చేతులకు గొలుసుతో కోట గుమ్మం దాటి, సముద్రం దగ్గర వెనక్కి తిరిగి చూసే కుర్రాడు ఎకువా తమ్ముడు కొబీనా. ఆ చూపు రాగానే ఆమె, "వాడు మా తమ్ముడు" అనేది. క్లాసంతా చప్పట్లు. కొబీనా ఇప్పుడు రెండు పడవల ఆసామి. అయినా రేవులో కొత్త మొహం కనబడితే చాలు, ఆ గొలుసు కథ చెప్పందే వదలడు.

సినిమాలో చిన్నవన్నీ నిజాలే. కోట కింది గదుల చీకటి నిజం, గొలుసు నిజం. అబద్ధమల్లా మొదట్లోనే ఉంది. తెల్లవాళ్ళు పొదల్లోంచి దూకి, వలలు విసిరి జనాన్ని పట్టుకుంటారు. అడవిలో నాలుగు రోజులుంటే జ్వరంతో చచ్చే తెల్లవాడు కోట దిగి అంతదూరం ఎప్పుడు వెళ్ళాడు? ఉత్తరాది నుంచి మనుషుల్ని నడిపించుకొచ్చింది ఒకరు, దారిలో సంతల్లో కొన్నది ఇంకొకరు, కోటకు అమ్మింది ఈ ఊరివాళ్ళు. ఎకువాకి ఇదంతా కాలేజీలో చదివినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, ఏటా ఆ వలలు రాగానే కిటికీలోంచి బయటికి చూసేది.

ఎవరి పుట్టుకా ఎవరూ విప్పకూడదని ఆ ఊరి కట్టుబాటు. కొనుక్కొచ్చిన ఆడది ఏ ఇంట చేరితే ఆ ఇంటి కూతురే, ఆమె పిల్లలు ఆ ఇంటి పిల్లలే. వినడానికి ఎంత బాగుంది! మెలికంతా తల్లివైపు వంశంలో నడిచే ఇంటిపెద్ద పీట దగ్గర. కొన్నదాని కడుపున పుట్టినవాళ్ళు ఆ పీట ఎక్కకూడదు. ఎవరూ నోరెత్తకపోతే మాత్రం ఎక్కొచ్చు.

ఎకువా చిన్నప్పుడు హాల్లో వేలాడే తల్లివైపు ముత్తవ్వ ఫోటో చూపించి, "ఈ అవ్వ బుగ్గల మీదే ఎందుకమ్మా, ఉత్తరాదివాళ్ళలా కత్తి గాట్లు?" అని అడిగింది. తల్లి చాచి నోటి మీద కొట్టింది. ఆ దెబ్బతో పిల్లకు సంగతి అర్థమైపోయింది.

సినిమా ఆపేసిన ఏడు, ఎకువా వాళ్ళ ఇంటిపెద్ద పోయాడు. నలభయ్యో రోజున కొబీనాను పీట మీద కూర్చోబెట్టాలని పెద్దలు అనుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడిలో సినిమా వచ్చిపడింది.

వలల ఘట్టం నడుస్తుండగా ఫిఫీ అనే అల్లరి పిడుగు లేచాడు. "మేడమ్, ఇదంతా ఉత్తదే! మా తాతలే అమ్మారంట గదా, అజారా వాళ్ళ తాతల్ని!"

అజారా ఉత్తరాది పిల్ల. తల్లి బజార్లో ఉల్లిపాయలు అమ్ముతుంది. వెనకనుంచి ఎవడో అందుకున్నాడు. "ఒసేయ్ దొంకో! రా, మా ఇంట్లో నీళ్ళు మొయ్యి!"

కొనుక్కొచ్చిన మనిషిని అనే మాట అది. క్లాసు ఘొల్లుమంది. ఎకువా అరిచి నోళ్ళు మూయించింది గానీ, అసలు సంగతి చెప్పలేదు. అజారా పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఎకువా ఉల్లిపాయల కొట్టు దాకా వెళ్ళింది. శుక్రవారం లారీలో పిల్లను ఉత్తరాదిలోని తమ ఊరు బావ్కుకి పంపించేస్తున్నామని తల్లి చెప్పింది. అజారా తలెత్తకుండా ఉల్లిపొట్టు దులుపుతోంది.

"అది అబద్ధమని మీకు తెల్సు గదా మేడమ్? వలలు రాగానే మీరు కిటికీలోకి చూశారు. అప్పుడు నేను మీ వంకే చూస్తన్నా."

ఎకువా సిగ్గుతో చచ్చిపోయింది. "రేపొక్కరోజు రా తల్లీ. ఆ తర్వాత నీ ఇష్టం" అంది.

అక్కణ్ణించి తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. కొబీనా వేయించిన చేపతో కెంకే అనే మొక్కజొన్న ముద్ద తింటున్నాడు. ముత్తవ్వ సంగతి రేపు క్లాసులో చెప్తానని అక్క అనగానే చెయ్యి ఆపేశాడు.

"పీట ఎక్కేదాకా నోరు మూసుకో అక్కా. నీకు దణ్ణం పెడతా. ఆ తర్వాత మైకు పెట్టి చెప్పుకో."

"అప్పటికి ఆ పిల్ల ఉండదురా."

"నేనుంటా గదా!" అన్నాడు కొబీనా.

మర్నాడు అజారా వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఎకువా సినిమా మళ్ళీ మొదలుపెట్టి, వలలు రాగానే ఆపింది.

"ఇది అబద్ధం. వాళ్ళను తెచ్చి అమ్మింది మనవాళ్ళే. కొన్నవాళ్ళందరినీ ఓడ ఎక్కించలేదు, కొందర్ని ఇళ్ళల్లో ఉంచుకున్నారు. మా ముత్తవ్వ సలగా సంతలో కొన్న పిల్ల. ఏరా, మొన్న నీళ్ళు మొయ్యమన్నదెవడు? నేను రానా మీ ఇంటికి, బిందె పట్టుకుని?"

అజారా సంచీలోంచి పుస్తకం తీసింది.

ఎకువా ఇల్లు చేరేసరికే వార్త చేరిపోయింది. కుటుంబంలో వయసు మళ్ళినవాడు నానా ఎజిర్ హాల్లో కూర్చుని ఉన్నాడు.

"నువ్వు అబద్ధమాడావని ఎవరన్నారమ్మాయ్? నిజమే. ఆ నిజం నోటితో అన్నావు, అదే తప్పు. గొర్రెను తెచ్చి శాంతి చేయించు. పీట సంగతి ఇక మర్చిపోండి."

కొబీనా రేవులో ఉన్నాడని తెలిసి పరుగున వెళ్ళింది. తిడతాడనుకుంది, తిట్టినా బాగుండేది. అతను బాగుచేస్తున్న చిరిగిన వల మీంచి తలెత్తలేదు.

"సినిమా గొలుసుని పొద్దుగూకితే వాళ్ళే వచ్చి తీసేసేవాళ్ళక్కా. నువ్వేసిన దీన్ని ఎవరు తీస్తారు?"

ఆ రోజు నుంచి కొబీనా ఆమెతో మాట్లాడలేదు. గొలుసు కథ కూడా ఇక ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం లారీ అజారా లేకుండానే వెళ్ళింది. సోమవారం ఎకువా మిగిలిన సినిమా వేసింది. కోట గుమ్మం, ఇసుక, సముద్రం. గొలుసుతో ఉన్న కుర్రాడు ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్ళూ ఆ చూపు ఊరి వైపు అనుకునేది. ఇప్పుడు సూటిగా తనవైపే ఉంది. ఆమె చెయ్యి పోయి సినిమా ఆపేసింది.

"మేడమ్, మీ తమ్ముడు గదా?" అన్నాడు ఫిఫీ, మెల్లిగా.

"ఔను" అంది ఎకువా. ఆ మాట అనే హక్కు తనకింకా ఉందో లేదో ఆమెకే తెలియదు.